ఎన్నడుగులుంటాదబ్బీ?

నాగార్జునసాగర్ పోయొచ్చినప్పటి నుంచి సింహాద్రిపురంలో నన్నెవరూ మనశ్శాంతిగా టీ తాగనివ్వడం లేదు. బుద్ధుడు ఎట్లున్నాడని ఒక్కరూ అడగరు. ఎన్నడుగులున్నాడని అడుగుతారు. టీ అంగట్లో అడిగినారు, బస్టాండులో అడిగినారు, చివరికి ఒక దినానికి పోతే వడ్డించే ఆయన సాంబారు గరిటె ఆపి మరీ అడిగినాడు.

"27" అంటానా, ముఖాలు వాడిపోతాయి. "అంతేనా! అమరావతిలో ధ్యానబుద్ధుడు 125 గదప్పా" అంటారు. ఏదో నేనే గీకి పొట్టిగా చేసినట్టు.

ఇదంతా మా బావ పుణ్యం. బుద్ధవనంలో శ్రీలంక వాళ్ళిచ్చిన అవుకన బుద్ధుడి ప్రతిరూపం ముందు నిలబడి, ఊళ్ళో వాళ్ళందరికీ ఫోన్లు చేసి అడుగులు ప్రకటించినాడు. మహాస్తూపం చుట్టూ చెక్కిన శిల్పాల దగ్గర నేను కాసేపు ఆగితే "రాళ్ళేగదబ్బీ, రా" అన్నాడు. 40 జాతక కథలు పెట్టిన వనాన్ని మనిషి ఊపిరి తీసుకునేలోపల దాటేసినాడు. స్థలం మొత్తం 274 ఎకరాలని తెలిసినప్పుడు మాత్రం నిలబడిపోయినాడు. ఎకరాకు 130 చెట్ల లెక్కన చీనీ పెడితే ముప్పై ఐదు వేల చెట్లు దాటతాయని వేళ్ళ మీద తేల్చినాడు. హుస్సేన్‌సాగర్ బుద్ధుడు 1990లో పడవ మీంచి జారి, మనుషుల ప్రాణాలు కూడా తీసుకుని నీళ్ళలో పడిపోయినాడనీ, 1992 డిసెంబరులో గానీ లేచి నిలబడలేదనీ నేను చెబితే, అంతా విని "ఆయన 58 కదా" అన్నాడు.

అయితే బావను అని ఏం లాభం? మా వైపు అడుగులంటే పైకి కాదు, కిందికి. బోరు. పెండ్లిచూపుల్లో పిల్ల చదువు కంటే ముందు వాళ్ళ బోరు ఎన్నడుగుల్లో పడిందో కనుక్కునే జాతి మాది. మొదట పాయింటు పెట్టే ఆయన వస్తాడు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరుగుతాడు. కాయ లేచి నిలబడిన చోట నీళ్ళు. నిలబడకపోతే మన విశ్వాసంలో లోపం. ఆ తర్వాత తిరుచెంగోడు రిగ్గు బండి, రాత్రి ఏ పన్నెండు గంటలకో, ఊరంతా లేచేలా వస్తుంది. మున్నూరు అడుగుల దాకా తెల్లటి దుమ్ము. నన్నూరుకు పచ్చ దుమ్ము. "రంగు మారింది, ఇంకో యాభై పోనీ" అంటాడు పక్క చేని ఆయన, డబ్బు ఆయనది కాదు గనక. లోతుకు పోయేకొద్దీ అడుగు రేటు పెరుగుతుంది. ఆరునూర్ల దగ్గర భార్య లోపలికి పోయి తలుపేసుకుంటుంది. ఎనిమిదినూర్ల దగ్గర కాస్త తడి మట్టి వస్తే అందరూ దాన్ని చేతిలోకి తీసుకుని, పిండి, వాసన చూసి, ఎవరికి తోచిన తీర్పు వాళ్ళు చెబుతారు. వెయ్యి దగ్గర రిగ్గు ఆయన రాడ్లు పైకి లాగి బిల్లు చేతిలో పెడతాడు. దుమ్ము మాత్రం మిద్దె మీద వారం ఉంటుంది. మా బావ అలాంటి బోర్లు చాలానే వేసినాడు. అన్నీ పేర్చి పైకి నిలబెడితే ధ్యానబుద్ధుడు ఆయన మోకాలి దగ్గరికి కూడా రాడు.

బుద్ధవనం చూసిన మర్నాడు నాగార్జునకొండకు లాంచీ ఎక్కినాం. కిందుండేది ఇక్ష్వాకుల విజయపురి. 1954 నుంచి 1960 దాకా తవ్వి, దొరికినవాటిలో కొన్నింటిని కొండ మీదికి చేర్చి, తక్కిన లోయను కృష్ణకు వదిలేసినారు. "డ్యామ్ నిండితే 590 అడుగులు" అన్నాడు లాంచీలో ఎవరో. "అందులో మాకు ఒక్కడుగు ఇస్తే ఏం పోయింది!" అన్నాడు బావ.

నాకు ఉపన్యాసం ఇవ్వబుద్ధయింది. ఇచ్చేదేముందిలే బావా, మన పైడిపాలెం రిజర్వాయరుకు వచ్చేవీ కృష్ణ నీళ్ళే కదా, అవుకు మీంచి గండికోటకు వచ్చి, అక్కడ మోటార్లెక్కి మన చెట్ల కిందికి వస్తున్నాయి. ఆ గండికోట నిండాలనే కదా 2020లో కొండాపురం మండలంలో తాళ్ళప్రొద్దుటూరు మునిగింది. ఇక్కడ రాళ్ళకన్నా కొండ మీద మ్యూజియం కట్టినారు, ఆ ఊరి అరుగులకు ఎవరు కట్టినారు అని ఇంకా ఏదేదో అంటున్నాను. చీనీ తోట పచ్చబడిన సంతోషంలో నేనూ ఆ ఊరి సంగతి తలుచుకున్నది తక్కువే.

బావ వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ అడ్డం పడినాడు.

"నాకు చెబుతావేందబ్బీ. మా చిన్నత్త ఇల్లు ఆడనే కదా ఉండింది. పెరట్లో బోరు నూరడుగులకే పడిండె. తీపి నీళ్ళు."