గుమ్మానికి కూడా రేటు కట్టాను

పుట్టిన ఇల్లు అమ్మకానికి పెట్టాక మనిషికి లెక్కలు పనిచెయ్యవు. నాకైతే అస్సలు పనిచెయ్యలేదు. మీకూ ఇలాంటిదొకటి జరిగే ఉంటుందన్న ధైర్యంతోనే చెబుతున్నాను.

అమలాపురంలో నాన్న 1978లో కొన్న మండువా లోగిలి మాది. ఎనిమిది సెంట్లు, అంటే 387 గజాలు. నాన్న పోయాక తాళం పడింది. దూలాలకు చెద, ఏటా పెంకులు సర్దించే ఖర్చు, మొయ్యలేక అమ్మేద్దామనుకున్నాను. అక్కడిదాకా బుద్ధిగానే ఉన్నాను.

చుట్టుపక్కల గజం ఎంతకు పోతోందో బ్రోకరు చెప్పాడు. చెవిన పెడితేగా! వాన పడితే మండువాలో అమ్మ ఇత్తడి బిందెలు పెట్టేది, దానికో లక్ష. అక్క పెళ్లికి పందిరేసిన వాకిలి, దానికి రెండు. నాన్న ప్రతి సంక్రాంతికీ మా ఇద్దర్నీ నిలబెట్టి చాకుతో ఎత్తులు గీసిన టేకు గుమ్మం, దానికి ఏకంగా ఐదు. ఆ లెక్కన ఊళ్లో డబ్బంతా పోగేసినా మా ఇల్లు కొనలేరు. ఎవరూ కొనలేదు కూడా. పైగా, మెరిస్తే ధర పలుకుతుందని గోడలకు రంగులు వేయించాను. వచ్చినవాళ్లు గోడల వంక చూస్తేగా! రోడ్డు ఎన్నడుగులు, ఫేసింగ్ ఎటు, వీధిపోటు ఉందా, అంతే.

ఒకాయన టేపుతో స్థలం కొలుచుకుంటుంటే చెయ్యిపట్టుకుని గుమ్మం దగ్గరకు లాక్కెళ్లాను. ఇది నా మూడో క్లాసు గీత, ఇది అక్క ఐదో క్లాసు, ఈ వంకర గీత జ్వరంలో సరిగా నిలబడలేకపోయిన ఏడాదిది, ఇదిగో ఇక్కడ అక్కని దాటేశాను అని చెబుతూ చెబుతూ, గొంతు పూడుకుపోయి, పరాయి మనిషి ముందు కండువాతో కళ్లొత్తుకున్నాను. ఆయన ఓపిగ్గా అంతా విని, మెల్లిగా అడిగాడు: "కూల్చే ఖర్చు మీదాండి, మాదాండి?"

అగ్గి మీద గుగ్గిలమైపోయాను. కూల్చేవాళ్లకు చచ్చినా అమ్మనని పంపేశాను. మరుసటి వానాకాలానికి వంటింటి కప్పు దానంతటదే కూలింది. ఆ మనిషి తప్పేముంది? ఆయన కొనుక్కునేది నేల. మా అమ్మ బిందెల చప్పుడుకు ఆయనెందుకు డబ్బివ్వాలి?

ఇక అసలు సిగ్గుపడాల్సిన సంగతి. కాగితాలు సరిచూస్తూ వకీలు, "మీ అక్కగారు ఎప్పుడొస్తారు?" అన్నాడు. ఈసీలో నాన్న పేరొక్కటే ఉంది కదా అన్నాను. ఈసీలో రిజిస్ట్రేషన్లే కనబడతాయి, వారసులు కనబడరన్నాడు. వీలునామా లేదు, నాన్న స్వార్జితం, అమ్మా లేదు. 1956 వారసత్వ చట్టం ప్రకారం అక్కకీ నాకూ చెరిసగం. ఆమె సంతకం లేకుండా నేను అమ్మగలిగేది నా సగమే. గుమ్మానికి రేటు కట్టినవాణ్ణి, బేరగాళ్లను వెళ్లగొట్టినవాణ్ణి, అక్కని ఒక్క మాట అడగలేదు. పెళ్లికి బంగారం పెట్టాం కదా అన్న పాచిమాట మగపిల్లల బుర్రల్లో ఏ మూలో ఉంటుంది. నాలోనూ ఉంది.

ఫోన్ చేసి సంతకం పెట్టాలన్నాను. "పెడతాన్రా. ఇల్లు అమ్ముతున్నావని పక్కింటి పిన్ని చెబితే తెలిసింది నాకు," అంది. తిట్టినా బావుండేది. కాసేపాగి, "ఆ గుమ్మం నాకు కావాలి. గీతల్లో సగం నావే," అంది.

కూలుస్తానన్న ఆయన దగ్గరకే వెళ్లాను. ఆయన మాట మీదే ఉన్నాడు. గుమ్మం ఊడదీసుకోవడానికి సరేనన్నాడు. పన్నూ ఎవరి వాటాకు వాళ్లదేనట. 2024 జులై 23కి ముందు మన చేతికొచ్చిన ఇల్లు కాబట్టి 12.5 శాతమో, ద్రవ్యోల్బణం సర్దుబాటుతో 20 శాతమో, ఏది తక్కువైతే అది కట్టొచ్చు, ఆ లాభంతో రెండేళ్లలోపు మరో ఇల్లు కొంటే మినహాయింపు ఉంటుందని ఆడిటరు చెప్పాడు. అక్క తన వాటాతో కాకినాడలో ఫ్లాటు తీసుకుంది.

గుమ్మం అక్కడికే చేరింది. లిఫ్టులో పట్టలేదు. నలుగురు మనుషులు మెట్ల మీదుగా మూడో అంతస్తుకు మోశారు. కూలి నేనిస్తానని జేబులో చెయ్యి పెట్టాను.

"సగం," అంది అక్క.