ఒక ఆలుగడ్డ ముక్క ఆత్మకథ

తన గురించి తాను చెప్పుకోవలసి వస్తే ఈ ముక్క ముందుగా పేర్కొనేది తన కొలతలనే: పొడవు 50 మిల్లీమీటర్లు, వ్యాసం 10 మిల్లీమీటర్లు, బరువు 4.20 గ్రాములు. తెలంగాణలో ఆలుగడ్డ అనీ, రాయలసీమలో ఉర్లగడ్డ అనీ, కోస్తాలో బంగాళాదుంప అనీ పిలుచుకొనే ఆ దుంప మట్టిలో పెరిగినా వేరు కాదనీ, ఆహారాన్ని నిల్వచేసుకొని ఉబ్బిన కాండమనీ, దాని మీద కనిపించే కళ్ళు మొగ్గలేననీ వృక్షశాస్త్రం చెబుతుంది. పూర్వికుల స్వస్థలం దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతసీమ కాగా, ఈ ముక్కను కన్న దుంప మాత్రం జహీరాబాద్ ప్రాంతంలో చలికాలపు పంటగా పండి, కూర కావలసినది కాస్తా ఒక డిగ్రీ కళాశాల వృక్షశాస్త్ర ప్రయోగశాలకు చేరింది.

ఈ ముక్క దేహంలో దాదాపు అయిదింట నాలుగు వంతులు నీరే. ఆ నీరంతా లక్షలాది కణాలలో ఇమిడి ఉంటుంది. ప్రతి కణానికీ వెలుపల గట్టి కణకవచం, దానికి లోపల ఆనుకొని పలుచని ప్లాస్మాపొర, నడుమ కణరసంతో నిండిన రిక్తిక అనే సంచి ఉంటాయి. చక్కెరలు, పొటాషియం లవణాలు, సేంద్రియ ఆమ్లాలు కణరసంలో కరిగి ఉంటాయి కనుక అవి ద్రావితాలు, వాటిని కరిగించుకొన్న నీరు ద్రావణి. ఆలుగడ్డకు పేరు తెచ్చిన పిండిపదార్థానికి మాత్రం ఈ లెక్కలో చోటు లేదు. ఎంత ఉన్నా అది గింజలుగా పడి ఉంటుందే తప్ప నీటిలో కరగదు.

కార్కుబోరరు అనే లోహపు గొట్టాన్ని దుంపలోకి తిప్పుతూ దించినప్పుడు ఈ ముక్క, దాని తోబుట్టువులు ఒకే మందంతో బయటపడ్డాయి. బెండులాంటి తొక్క నీటిని అడ్డుకొంటుంది కనుక రెండు కొసలనూ బ్లేడుతో కోసి, అన్నిటినీ ఒకే పొడవుకు తెచ్చి, తూచి, మూడేసి చొప్పున అయిదు బీకర్లలో వేశారు. ఒక లీటరు ద్రావణంలో 342 గ్రాముల చక్కెర ఉంటే దాని గాఢతను 1 మోలారు అంటారు. ఆ లెక్కన బీకర్లలో ఉన్నవి వరుసగా 0, 0.2, 0.4, 0.6, 0.8 మోలారు ద్రావణాలు. ఈ ముక్క వంతుకు వచ్చినది నాలుగవది, అంటే లీటరుకు సుమారు 205 గ్రాముల చక్కెర కలిసిన పాకం వంటి నీరు. గాఢత తప్ప ఉష్ణోగ్రత, కాలం, ద్రావణం పరిమాణం అన్ని బీకర్లకూ ఒక్కటే. అలా లేకుంటే వచ్చిన మార్పు దేనివల్ల వచ్చిందో తేల్చడం సాధ్యం కాదు.

ప్లాస్మాపొర నీటిని సులువుగా పోనిస్తుంది గాని చక్కెరను దాదాపుగా పోనివ్వదు. అటువంటి పొరకు ఇరువైపులా గాఢతలు వేరైనప్పుడు, ద్రావితం తక్కువగా ఉన్న వైపు నుంచి ఎక్కువగా ఉన్న వైపుకు నీరు సాగడమే ద్రవాభిసరణం. నీటి అణువులు రెండు దిక్కులా కదులుతూనే ఉన్నా, ఒక దిక్కున పోయేవి ఎక్కువైనప్పుడు ఆ తేడాయే బరువులో కనిపిస్తుంది. మాగాయ పెట్టేవారు ఉప్పు, పసుపు కలిపిన మామిడి ముక్కలు మూడు రోజులలో ఊట వదలడాన్ని ఏటా చూస్తూనే ఉంటారు. ఆ ఊటకు మూలమైన సూత్రమే ఇక్కడ చక్కెర నీటిలో పనిచేసింది.

బీకరులోంచి తీసి అద్దుడు కాగితంతో తడి ఒత్తి తూచినప్పుడు ఈ ముక్క 3.70 గ్రాములు తూగింది. పోయిన అర గ్రామును మొదటి బరువుతో భాగించి నూరుతో గుణిస్తే తగ్గుదల 11.9 శాతం; ముక్కలన్నీ మొదట సరిగ్గా ఒకే బరువు ఉండవు కనుకనే గ్రాములను కాక శాతాలను పోల్చాలి. ఒక కొసను పట్టుకొని ఎత్తితే ఈ ముక్క తోటకూర కాడలా వాలిపోయింది, మంచినీటి బీకరులోని తోబుట్టువు మాత్రం పుల్లలా నిలిచింది. లోపలికి చేరిన నీరు కణకవచాన్ని బయటికి నెట్టే స్ఫీత పీడనం దానికి బిగువునిస్తే, నీరు కోల్పోయి ప్లాస్మాపొర గోడను విడిచి లోపలికి ముడుచుకొనే కణద్రవ్య సంకోచం ఈ ముక్కను మెత్తబరిచింది.

ఈ పరీక్షకూ ఒక వంశవృక్షం ఉంది. ఫ్రాన్స్‌లో నొలే 1748లో సారాయి పాత్రకు పంది మూత్రాశయపు పొర కట్టి నీటిలో ముంచగా ఆ పొర ఉబ్బింది. జర్మనీకి చెందిన ఫెఫర్ 1877 నాటికి చక్కెర ద్రావణాల ద్రవాభిసరణ పీడనాన్ని కొలిచాడు. ఆ కొలతల ఆధారంగా పీడనానికీ గాఢతకూ ఉన్న సంబంధాన్ని సూత్రీకరించిన వాంట్ హాఫ్ 1901లో రసాయనశాస్త్రంలో తొలి నోబెల్ బహుమతి పొందాడు.

అయిదు బీకర్ల సగటులను గ్రాఫు మీద గుర్తించగా మంచినీటిలో 12 శాతం పెరుగుదల, 0.2 వద్ద 4 శాతం పెరుగుదల, 0.4 వద్ద 4 శాతం తగ్గుదల, 0.6 వద్ద 12 శాతం తగ్గుదల కనిపించాయి, 0.8 వద్ద పోవడానికి మిగిలిన నీరే తగ్గిపోవడంతో గీత వాలు మందగించింది. ఆ గీత సున్నాను దాటిన చోటు 0.3 మోలారు. అక్కడ వచ్చే నీరు, పోయే నీరు సమానం కనుక ఆ దుంప కణరసంలోని ద్రావితాల బలం సుమారుగా అంతేనని తేలింది. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద అది దాదాపు 7 వాతావరణాల పీడనానికి సమానం. ఆ బల్ల మీద 0.3 మోలారు బీకరు ఒక్కటీ లేదు. ఆ సంఖ్యను చెప్పినవి నీరు తాగి బరువెక్కిన ముక్కలు, నీరు పోగొట్టుకొని వాలిపోయిన ముక్కలు.