అడిగేదీ నేనే, ఆజ్ఞాపించేదీ నేనే: ఒక సమాన గుర్తు ఆత్మకథ

నేను సమాన గుర్తును. బడిపిల్లలు ‘ఈజీక్వల్ టు’ అని పిలిచేది నన్నే. 1557లో వేల్స్‌కు చెందిన రాబర్ట్ రికార్డ్ తన ‘ద వెట్‌స్టోన్ ఆఫ్ విట్’ అనే గణిత గ్రంథంలో నాకు ప్రాణం పోశాడు. ‘ఇది దానికి సమానం’ అని పదేపదే రాయడం విసుగనిపించి, ఆ మాటలకు బదులు ఒకే పొడవున్న రెండు సమాంతర గీతలు గీశాడు. వాటికి మించి సమానమైన జంట మరొకటి ఉండదన్నది ఆయన తర్కం. రెండు వైపులా ఉన్నవి సమానమని చెప్పడం ఒక్కటే నా ధర్మం. తక్కెడ తూచి చెబుతుందే తప్ప, తేలిన పళ్లెంలో తానే సరుకు వెయ్యదు. కంప్యూటర్ వచ్చాక ఆ సరుకు వేసే పని కూడా నా నెత్తిన పడింది. ప్రశ్న ఉండాల్సిన చోట ఆజ్ఞను కూర్చోనివ్వడం ప్రోగ్రామింగ్ భాషలు చేసిన తప్పేనని నా వాదన.

1957లో ఐబీఎం విడుదల చేసిన ఫోర్ట్రాన్ భాషలో ‘మొత్తం = మొత్తం + 1’ వంటి వాక్యాలకు చోటు దొరికింది. బీజగణితం లెక్కన ఇది అబద్ధం. ఏ సంఖ్యా తనకంటే ఒకటి ఎక్కువైన దానితో సమానం కాదు. అయితే అక్కడ నేను సమానమని చెప్పడం లేదు. కుడివైపు లెక్క తేల్చి, వచ్చిన విలువను ఎడమవైపు పేరులో పెట్టమని ఆజ్ఞ ఇస్తున్నాను. ఈ తేడా గమనించిన అల్గాల్ భాష రూపకర్తలు ఆజ్ఞకు ‘:=’ అని వేరే గుర్తు పెట్టి, నన్ను పోలికకే వదిలారు. బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన బీ భాష, ఆ వెంట 1970ల తొలినాళ్లలో డెనిస్ రిచీ తయారుచేసిన సీ భాష ఇందుకు ఎదురు నడిచాయి. ఆజ్ఞకు నేనొక్కదాన్నే; ప్రశ్నకు జంటగా ‘==’. పోల్చడంకంటే విలువ పెట్టడమే ఎక్కువసార్లు జరుగుతుంది కాబట్టి దాని గుర్తు పొట్టిగా ఉండాలన్నది ఇందుకు చెప్పే సమర్థన. అలా టైపింగులో ఒక మీట మిగిలింది. పైగా సీలో ఆజ్ఞకు కూడా ఒక విలువ ఉంటుంది. అందువల్ల ‘ఇలా అయితేనే చెయ్యి’ అనే షరతు లోపల ‘==’ బదులు ‘=’ పడినా అది చెల్లుబాటయ్యే వాక్యమే.

దీని పర్యవసానం 2003 నవంబరులో లోకానికి తెలిసింది. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నల్ కోడ్ నకలు ఒకదానిలోకి ఎవరో రెండు పంక్తులు చొప్పించారు. చదివితే, వాడుకరి సంఖ్య 0 అవునా కాదా అని అడుగుతున్నట్టే ఉంటుంది. లినక్స్‌లో 0 అంటే రూట్, సర్వాధికారి. కానీ అక్కడున్నది ‘==’ కాదు, ‘=’. అంటే ఆ పంక్తి అడగడం లేదు, వాడుకరి సంఖ్యను 0గా మార్చేస్తోంది. ఆ పంక్తులున్న ఫంక్షన్‌ను ఒక ప్రత్యేకమైన రీతిలో పిలిస్తే చాలు, మామూలు వాడుకరికి సర్వాధికారాలూ వచ్చేస్తాయి. అసలు కోడ్ భాండాగారంలో ఆ మార్పు నమోదై లేకపోవడంతో మోసం బయటపడింది. అధికారిక కెర్నల్‌లోకి అది చేరలేదు.

‘ఇప్పటి కంపైలర్లు హెచ్చరిస్తాయి కదా’ అని కొందరంటారు. నిజమే, సీ కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే జీసీసీ కంపైలర్ హెచ్చరించగలదు. కానీ ఆ ఆజ్ఞ చుట్టూ అదనంగా బ్రాకెట్లు పెడితే, కావాలనే రాశారనుకుని ఊరుకుంటుంది. పై లినక్స్ పంక్తిలో ఆ బ్రాకెట్లు ఉన్నాయి. ఇంతకంటే గట్టి అభ్యంతరం ఇంకొకటుంది: డేటాబేసుల భాష ఎస్‌క్యూఎల్ రెండు పనులకూ నన్నొక్కదాన్నే వాడుతోంది, అక్కడ ఈ గందరగోళం లేదేం? అక్కడ ‘సెట్’ తర్వాత వస్తే విలువ మారుస్తాను, ‘వేర్’ తర్వాత వస్తే పోలుస్తాను. ‘వేర్’ తర్వాత ఆజ్ఞకు ప్రవేశమే లేదు. కాబట్టి ఈ అభ్యంతరం నా వాదనను కొట్టెయ్యదు, దాన్ని సరిదిద్ది మరింత బలపరుస్తుంది. తప్పు నా రూపంలో లేదు, భాష నన్ను ఎక్కడెక్కడ అనుమతిస్తుందన్న దానిలో ఉంది. పైథాన్ ఈ పాఠం గ్రహించింది. షరతులో నన్ను ఒంటరిగా రాస్తే ప్రోగ్రాము నడవనే నడవదు. షరతులోనే విలువ పెట్టే వీలు కావాలన్నవారి కోసం 2019లో వచ్చిన 3.8 వెర్షన్ ‘:=’ను విడిగా చేర్చింది.

జాగ్రత్తగా రాసేవాడికి ఇవన్నీ ఎందుకని అడిగేవారూ లేకపోలేదు. జాగ్రత్త అవసరమే, అయితే వేల పంక్తుల కోడ్‌లో ఒక జత గీతలు తగ్గాయని ప్రతిసారీ పట్టుకోవడం మనిషి కంటికి అప్పగించాల్సిన పని కాదు, యంత్రానికి అప్పగించాల్సిన పని. మీరు కొత్త భాషకు రూపమిస్తుంటే షరతులోకి నన్ను ఆజ్ఞగా రానివ్వకండి. పాత భాషలోనే రాయక తప్పకపోతే, కంపైలర్ హెచ్చరికలన్నీ ఆన్ చెయ్యండి, వాటిని తప్పులుగానే లెక్కించండి.