ముసురు పడితే మూగబోయే బోర్డులు
మా రోజుల్లో వారం రోజులు ముసురు పట్టినా రేడియో పలికేది. కాకినాడ ఉప్పుగాలిలో కూడా! వాల్వులు గంటలకొద్దీ వేడిగా వెలుగుతుంటే పెట్టెలో చెమ్మ ఎక్కడ నిలుస్తుంది? వానాకాలంలో సెట్టును రోజూ కాసేపైనా వెయ్యండని మా దగ్గరికి రిపేరుకు వచ్చినవాళ్లందరికీ చెప్పేవాళ్లం. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టాక వార్నిష్‌లో ముంచి, ఆరబెట్టాకే బిగించేవాళ్లం. కాగితం కండెన్సర్లు చెమ్మ పీల్చి లీకయ్యేవి, కాదనను. ఆ ఒక్కటీ మారిస్తే సెట్టు మళ్లీ పాడేది.

ఇప్పుడు ఏసీ బయటి యూనిట్ మూత తీసి చూడండి. బోర్డు మీద పచ్చటి చిలుము. ఐసీ కాళ్ల మధ్య సందు చాలాచోట్ల అర మిల్లీమీటరే. అక్కడ ఉప్పు, దుమ్ము, చెమ్మ చేరాయంటే, కరెంటు ఉండగానే ప్లస్ వైపు లోహం కరిగి మైనస్ వైపు పేరుకుంటుంది. అక్కణ్ణుంచి మళ్లీ ప్లస్ వైపు పెరుగుతుంది. భూతద్దం పెడితే ఎండుచెట్టు కొమ్మల్లా కనబడుతుంది. అవతలి కాలిని తాకిందా, షార్టే. నీళ్లు పడనక్కర్లేదు, రాత్రి చల్లబడ్డప్పుడు పట్టే చెమ్మ చాలు.

ఈ సంగతి తయారుచేసేవాళ్లకు తెలియదా? ఐసీలను చెమ్మ చొరని సంచిలో, సిలికా జెల్‌తో, తేమ చూపే అట్టముక్కతో పంపుతారు. ఐసీ చెమ్మను ఎంతవరకు తట్టుకుంటుందో చెప్పే ఎమ్మెస్సెల్ స్థాయి 3 అయితే, సంచి విప్పాక, 30 డిగ్రీలు, 60 శాతం తేమ దాటని గదిలో 168 గంటల్లోగా టంకం పడాలి. గడువు దాటితే ఓవెన్‌లో పెట్టి ఆరబెట్టాల్సిందే. లేదంటే ప్లాస్టిక్ పీల్చుకున్న చెమ్మ టంకం వేడికి ఆవిరై, ఐసీని లోపలినుంచి చీలుస్తుంది. తమ ఫ్యాక్టరీలో ఇంత జాగ్రత్త పడేవాళ్లు, మన గోడకు తగిలించే బోర్డుకు పల్చటి రక్షణ పూత వేయడానికి పిసినారితనం చేస్తే నాకు ఒళ్లు మండుతుంది. పాడైతే రిపేరు మాటే లేదు, బోర్డంతా మార్చాలంటారు.

ఇక తడిసిన ఫోనును బియ్యం డబ్బాలో పాతిపెట్టడం ఒకటి! బియ్యం ఉప్పును లాగదు, చిలుమును ఆపదు. పైగా నూక ఫోనులోకి దూరి పాడుచేస్తుందని ఆపిల్ కంపెనీయే వద్దంటోంది. ఫోను తడిస్తే వెంటనే ఆపెయ్యండి, ఛార్జింగ్ పెట్టకండి. ఉప్పునీళ్లలో పడితే తెలిసినవాడి చేత విప్పించి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బోర్డు కడిగించండి.

సముద్రం దగ్గరుండేవాళ్లు ఏసీయో ఇన్వర్టరో కొనేముందు చల్లదనం, ధర చూస్తే చాలదు, బోర్డుకు పూత ఉందా అని కూడా అడగండి. లేదంటే వేరే కంపెనీది చూడండి.