మరక పోవాలి, గరుకు ఉండాలి

నేనొక ఫైబరు బోటుని. మాది శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రాన్ని ఆనుకున్న పల్లె. ఒకపక్క ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు. ఇంకోపక్క బంగాళాఖాతం. నన్ను చూడడానికి వచ్చినవాళ్ళు ముందు ఇంజిను ఎన్ని గుర్రాలదని అడుగుతారు. బోటు నడిపే మా సరంగు మాత్రం ముందు డెక్కు మీద అరికాలు ఆనించి చూస్తాడు. ఇంజిను ఆగిపోతే పక్క బోటువాళ్ళు తాడేసి లాక్కొస్తారు. అల ఊపులో కాలు జారితే మనిషి నీళ్ళలో ఉంటాడు. అందుకే నా కథంతా ఆ డెక్కు కథే.

నేను అచ్చులో పుట్టాను. అచ్చు లోపల ముందు మైనం రుద్దారు. దానిమీద జెల్‌కోటు అనే పైపూత పూశారు. అది అర మిల్లీమీటరు మందమో, కాస్త ఎక్కువో. ఆ పైన గాజునార చాపలు పరుస్తూ, రెజిన్ తడుపుతూ, గాలి బుడగలు లేకుండా రోలరుతో అణిచారు. మిగతా ఒళ్ళంతా నున్నగా వచ్చింది. డెక్కు దగ్గరకొచ్చేసరికి, పచ్చిగా ఉన్న పూత మీద జల్లెడ పట్టిన ఇసుక చల్లి, మళ్ళీ ఒక పూత వేశారు. ఆరాక చేత్తో తడిమితే గరగరలాడింది. తడి కాలు జారకుండా పట్టి నిలిపేది ఆ గరుకే. మరకలు వచ్చి కూర్చునేదీ అక్కడే.

మా పెద్దలైన తెప్పలకి ఈ బెంగ లేదు. తెప్పలంటే తేలిక దుంగల్ని తాళ్ళతో కట్టినవి. ఒడ్డుకొచ్చాక విప్పి ఆరబెట్టేవారు. నెత్తురైనా, నూనైనా చెక్క తాగేసేది. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రాం, హార్బరు లేని ఇసుక తీరాల కోసం అలల్ని దాటి నేరుగా ఒడ్డుకెక్కే పడవల మీద పనిచేసింది. ఫైబరు పడవలకి ఈ తీరాల్లో దారి వేసిన ప్రయత్నాల్లో అదొకటి. చెక్కలా నేను కుళ్ళను, నాకు పురుగు పట్టదు. కానీ నా మీద పడింది పైనే నిలిచి ఉంటుంది. దాన్ని మనిషే కడగాలి.

నా మీద ముందు పడింది నెత్తురు. కోనాం చేప వలలో చిక్కితే డెక్కు మీద కొట్టుకుంటుంది, నెత్తురు చిమ్ముతుంది. కానాగంత చేపల పొలుసులు ఎగిరి గరుకులో ఇరుక్కుంటాయి. వంగి దగ్గరగా చూస్తే తెలుస్తుంది. ఇసుక రేణువుకీ రేణువుకీ మధ్య చిన్న గుంట. గుంట అడుగున ఉప్పు, ఉప్పు మీద జిడ్డు, జిడ్డు మీద అతుక్కున్న పొలుసు, దాని చుట్టూ గోధుమరంగులో ఎండిన నెత్తురు. గుడ్డతో తుడిస్తే రేణువుల తలలే శుభ్రమవుతాయి. గుంటలు అలాగే ఉంటాయి. అవి పూడేకొద్దీ గరుకు చదునైపోతుంది. చదునైన చోట నీళ్ళు పడ్డాయంటే కాలు ఆగదు. మరకని చూసి డెక్కు మాసిందనుకుంటారు గానీ, అక్కడ పట్టు తగ్గిపోయిందని మా సరంగు లెక్క.

నెత్తురు పచ్చిగా ఉండగానే సముద్రపు నీళ్ళు గుమ్మరించి తోమేస్తే చాలు. ఎండిందా, కష్టం. ఒకసారి సరంగు మేనల్లుడు వేడినీళ్ళు కాచి తెచ్చాడు. అత్త అడ్డుపడింది. "వొద్దురా అల్లుడూ, నెత్తురికి సన్నీళ్ళే పొయ్యాలి. ఏడి తగిల్తే అంటుకుపోద్ది" అంది. నెత్తుట్లో ఉన్నది మాంసకృత్తి. వేడి తగిలితే కోడిగుడ్డు సొనలా గడ్డకట్టి గుంటల్లో బిగుసుకుంటుంది. ముదిరిన నెత్తుటి మరకకి మందుల షాపులో పుళ్ళు కడగడానికి అమ్మే హైడ్రోజన్ పెరాక్సైడు పోస్తారు. పడగానే బుసబుసమని నురగ పొంగి, మరకని లోపలినుంచి కదిలిస్తుంది. కాసేపు ఆగి కడిగేస్తే రంగు విరిగిపోతుంది.

డీజిలు, ఇంజినాయిలు వేరే రకం. వాటికి నీళ్ళంటే లెక్కలేదు. ఒంటిసబ్బు రుద్ది సముద్రపు నీళ్ళతో కడిగితే తెల్లటి మడ్డి తేలుతుంది, జిడ్డు ఉన్నచోటే ఉంటుంది. సముద్రపు నీటిలో ఉన్న కాల్షియం, మెగ్నీషియం సబ్బుని విరిచేస్తాయి మరి. బట్టల సర్ఫు, గిన్నెలు తోమే లిక్విడు ఆ నీళ్ళలోనూ బాగా పనిచేస్తాయి. చిక్కగా కలిపి పోసి, ఆరిపోకుండా కాసేపు నాననిచ్చి, అప్పుడు తోమాలి.

తుప్పు మరక నాకు తిత్లీ తుపాను మిగిల్చింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఆ తుపాను మా దగ్గరే తీరం దాటింది. గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి. ఉద్దానంలో కొబ్బరిచెట్లు, జీడిచెట్లు వేళ్ళతో సహా పడిపోయాయి. నన్ను ముందే ఇసుక మీదికి లాగి కట్టేశారు కాబట్టి బతికాను. ఆ తర్వాత ఊళ్ళో ఎవరి ఇల్లు వాళ్ళు నిలబెట్టుకోవడంలో ఉన్నారు. తడి లంగరూ గొలుసూ చాలాకాలం నా డెక్కు మీదే ఉండిపోయాయి. వాటిని తీసేసరికి గొలుసు లంకెల ఆకారం ఎర్రగా ముద్రపడి ఉంది.

దానిమీద బ్లీచింగు చల్లారు, కదల్లేదు. బ్లీచింగు తుప్పుని కరిగించదు, పైగా మరక మొండికెయ్యొచ్చు. అత్త చింతపండు పులుసు పోసి రుద్దింది. పులుపు ఇనుపతుప్పుని కొంత లాగుతుంది, అందుకే పైపై ఎరుపు తగ్గింది. లోపలి దానికి సరంగు రంగుల దుకాణంలో ఆక్జాలిక్ యాసిడ్ పొడి కొన్నాడు. ప్లాస్టిక్ బకెట్లో లీటరు నీళ్ళకి రెండు చెంచాలు కలిపి, రబ్బరు తొడుగులు వేసుకుని, మరక మీద మాత్రమే పూసి కాసేపు ఉంచాడు. అది తుప్పులోని ఇనుముతో కలిసి నీళ్ళలో కరిగే పదార్థంగా మారుతుంది. నీళ్ళు పసుపుపచ్చగా కారిపోయాయి, గొలుసు ముద్ర మాయమైంది. ఆ పొడి విషం. పిల్లలకి అందకూడదు. బ్లీచింగునీ యాసిడునీ ఎప్పుడూ కలపకూడదు. కలిస్తే క్లోరిన్ గ్యాసు లేచి ఊపిరి పట్టేస్తుంది.

జీడి తోటలున్న మా వైపు కనబడే మరక ఇంకోటుంది. జీడి తొక్క నూనె. పలాస జీడిపప్పు అందరికీ తెలుసు. పప్పు తీశాక తొక్కలోంచి వచ్చే ఆ నల్లటి నూనెని చెక్కకి పురుగు పట్టకుండా పూస్తారు. పక్కనున్న చెక్కపడవకి పూస్తుండగా డబ్బా నా మీద ఒలికింది. చేతికి తగిలితే చర్మం పొక్కించే నూనె అది. ఎండకి ఆరి తారులా బిగిసింది. మేనల్లుడు ఇనుప బ్రష్షు పట్టుకొచ్చాడు.

"మావా, గీకీనా? ఒక్క రోజులో తేలిపోద్ది."

"గీక్కురా అల్లుడూ! మరకతో పాటు గరుకూ పోద్ది. రేపు అల కొట్టిన్నాడు నీ కాలు దేన్ని పట్టుకుంటాది?"

నా బతుకుకి అంతకంటే పెద్ద మాట లేదు. ఇనుప బ్రష్షు ఇసుక రేణువుల మొనలు విరిచేస్తుంది. జెల్‌కోటులో గీతలు పడితే కొత్త మురికికి అవే గూళ్ళు. ఇనుప పీచు వాడితే దాని తునకలు విరిగి గుంటల్లో దిగబడి, ఉప్పుగాలికి తుప్పుపట్టి, ఉన్న ఒక్క మరక దగ్గర పది చుక్కలు లేస్తాయి. సరంగు గుడ్డని కిరోసిన్లో ముంచి నూనె మీద అద్ది, అది మెత్తబడ్డాక వేరే గుడ్డతో ఎత్తేశాడు. అలా మళ్ళీ మళ్ళీ చేసి, మిగిలిన జిడ్డుని సర్ఫునీళ్ళతో కడిగాడు. తోమింది ఉద్దానం కొబ్బరి పీచుతో. అది గుంటలోకి దిగేంత గట్టిగా, పూత గీసుకోనంత మెత్తగా ఉంటుంది. నైలాను బ్రష్షు కూడా ఇలాగే పనిచేస్తుంది. ఒకే వైపు తోమకూడదు. నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి, చుట్టూ తిప్పుతూ ఇంకోసారి తోమితే గుంట అన్ని గోడలకీ పీచు తగులుతుంది.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మా తీరంలో మరబోట్లకి వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టి పెరగడానికిచ్చిన గడువది. మాకు వైద్యం జరిగేదీ అప్పుడే. టార్పాలిన్ కింద గాలాడక పట్టిన నల్ల బూజుకి పలచటి బ్లీచింగు నీళ్ళు పోసి, బాగా కడిగేస్తారు. ఎండ ముదరకముందే పని ముగిస్తారు. ఎండలో ఏ మందైనా తోమేలోపే ఆరిపోయి కొత్త మరకవుతుంది. అంతా అయ్యాక మెరుపు కోసం మైనం గానీ పాలిష్ గానీ పూస్తామని ఎవరన్నా అంటే సరంగు ఒప్పుకోడు. పక్కలకి పూసుకోవచ్చు. డెక్కుకి పూస్తే గరుకు పనిచెయ్యదు.

ఇంత చెప్పాక నా మనసులో ఉన్నదీ చెప్పాలి. ఏ మరకైనా పచ్చిగా ఉన్నప్పుడే తేలిగ్గా పోతుంది. చివరిగా ఉప్పు వదలడానికి మంచినీళ్ళు కావాలి. శ్రీకాకుళం జిల్లాకి సుమారు 193 కిలోమీటర్ల తీరం, పక్కనున్న విజయనగరానికి సుమారు 28. ఇంత తీరంలో మాలో చాలామంది ఇప్పటికీ ఇసుక మీదే దిగుతున్నాం. ఆడవాళ్ళు బిందెతో మోసుకొచ్చే నీళ్ళు ఇంటికా, బోటుకా? ఇంటికే, అలాగే ఉండాలి కూడా. అందుకని బోటు కడగడం వాయిదా పడుతుంది, మరక ముదురుతుంది, ముదిరాక యాసిడులూ ఇనుప బ్రష్షులూ వస్తాయి. ఎచ్చెర్ల మండలం బుడగట్లపాలెంలో ఫిషింగ్ హార్బరు తలపెట్టారు. అక్కడైనా, చిన్న జెట్టీ కట్టే ఏ పల్లెలోనైనా, వేలం షెడ్డుకీ ఐసుకీ చోటు చూసినప్పుడే బోట్లు కడుక్కునే మంచినీటి కుళాయికీ, జిడ్డునీళ్ళు సముద్రంలో కలవకుండా పట్టే తొట్టెకీ చోటు చూడాలని నా కోరిక. కుళాయికయ్యేది కొంచెం ఖర్చే. దానివల్ల నా గరుకు ఇంకెన్నో ఏళ్ళు ఉంటుంది, నా మీద నిలబడి వల లాగే మనిషి కాలు నిలుస్తుంది.