మూరెడు దూరం ఇంజనీరు గారు

ప్రతి అపార్టుమెంటులోనూ ఒకాయన ఉంటారు. ఆయన్ని అడక్కుండా ఎవరూ టేబుల్ ఫ్యాను కూడా కొనరు. ఆయన కొనమన్నది మాత్రం ఒక్కరూ కొనరు. కూకట్‌పల్లి, నిజాంపేట వైపు బ్లాకుకొకరు చొప్పున దొరుకుతారు. రిటైరయిన ఇంజనీరు, జేబులో టెస్టరు, మెడలో తాడుకి వేలాడే కళ్లజోడు. పిల్లలకి అంకుల్, పెద్దవాళ్లకి ఇంజనీరు గారు, వాచ్‌మన్‌కి సారు. వాళ్లావిడ మాత్రం "ఈయన" అంటుంది. ఆ ఒక్క మాటలో ముప్ఫై ఏళ్ల రిపేర్లు వినిపిస్తాయి.

ఈ జాతిలో శాఖలున్నాయి. ఇన్వర్టర్ బ్యాటరీల శాఖ ఒకటి. మంచినీళ్ల శాఖ మరొకటి. టీడీఎస్ మీటరు జేబులో పెట్టుకొచ్చి, తాగమని ఇచ్చిన గ్లాసులోనే ముంచేది వీళ్లే. మా ఇంజనీరు గారిది యూఎస్‌బీ హబ్బుల శాఖ. కరోనా రోజుల్లో ఇల్లే ఆఫీసయ్యాక, లాప్‌టాప్‌లకి రెండే పోర్టులు మిగిలాక, బాగా వ్యాపించిన శాఖ.

మూడో అంతస్తు అమ్మాయి వాట్సాప్ గ్రూపులో "మంచి హబ్ ఏదైనా చెప్పండి, మౌస్ ఆగి ఆగి కదులుతోంది" అని పెట్టింది. ఆ మెసేజి అందరూ చదివేలోపే ఆమె ఇంటి కాలింగ్ బెల్ మోగింది.

అప్పటికే ఆ ఇంట్లో చెయ్యాల్సిన వైద్యం అంతా అయిపోయింది. మౌసు బ్యాటరీ మార్చారు. మౌస్ ప్యాడ్ మార్చారు. నెట్ వాడికి ఫోన్ చేసి కేకలేశారు. వాళ్లమ్మగారు ఉప్పు తిప్పి దిష్టి కూడా తీశారు. ఇంజనీరు గారు మౌసు వంక చూడనే లేదు. వంగి హబ్బు వైపు చూశారు. వరసగా నాలుగు నీలం పోర్టులు. ఒకదాన్లో హార్డ్‌డిస్కు వైరు, దాని పక్కనే గోరంత మౌసు రిసీవరు. మధ్యలో అగ్గిపుల్ల దూరేంత సందు.

"ఎప్పుడు గెంతుతుందమ్మా?"

"ఎప్పుడూ అంతే అంకుల్."

"ఎప్పుడూ అనకు. ఫైళ్లు కాపీ అయ్యేటప్పుడా, మామూలప్పుడా?"

అమ్మాయి ఆలోచించింది. "కాపీ అయ్యేటప్పుడే."

హార్డ్‌డిస్కు పీకించారు. బాణం తెర మీద ఈ చివర్నించి ఆ చివరికి నున్నగా జారింది. మళ్లీ పెట్టించి కాపీ మొదలెట్టించారు. మళ్లీ తడబడింది. ఇంకొకరైతే "రిసీవర్ని అక్కణ్ణించి తీసి మూరెడు దూరంలో పెట్టు" అని చెప్పి లేచి వెళ్లిపోయేవారు. మొత్తం వ్యవహారం అంతే కూడాను. కానీ అంతటితో లేచేవాళ్లని ఇంజనీరు గారని ఎవరంటారు? ఆయన కుర్చీ లాక్కున్నారు. జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాయితం తీశారు. వాళ్లమ్మగారు నిట్టూర్చి కాఫీ పెట్టడానికి లేచారు.

"2012లో ఇంటెల్ వాళ్లే రాసి ఒప్పుకున్నారమ్మా. యూఎస్‌బీ 3.0లో సెకనుకి 5 గిగాబిట్లు పరిగెడతాయి. అంత జోరులో కొంత రొద రేడియో తరంగాలుగా బయటికి కారుతుంది. సరిగ్గా నీ మౌసు మాట్లాడే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరా కారుతుంది. డిస్కు తగిలిస్తే ఆ రొద 20 డెసిబెల్స్ దాకా పెరుగుతుంది. ఇరవయ్యేగా అనుకోకు. వంద రెట్లు!"

"ఏదైనా ఫిల్టర్ పెట్టొచ్చు కదా అంకుల్?"

ఆ ప్రశ్న కోసమే ఆయన ఇన్నాళ్లూ బతికున్నట్టు నవ్వారు. "పెట్టలేరు. వైరులో పోయే డేటా కూడా ఆ మేరలోనే ఉంది. రొదని కోస్తే డేటా తెగుతుంది. పోనీ బ్లూటూత్ మౌసు కొంటానంటావు. అది చానల్ నుంచి చానల్‌కి గెంతుతూ ఖాళీ వెతుక్కుంటుంది. ఈ రొద ఆ మేరంతా పరుచుకుంటే ఎక్కడికని గెంతుతుంది? బ్యాండు మేళం పక్కన నిలబడి పెళ్లికూతురు చెవిలో రహస్యం చెప్పినట్టు."

తర్వాత పుల్ల తెమ్మన్నారు. పళ్లు కుట్టుకునే పుల్లతో నీలం పోర్టు లోపల చూపించారు. ముందు వరసలో ఐదు రేకులు, లోపల ఇంకో నాలుగు. "మౌసు రిసీవరు ఈ లోపలి నాలుగే వాడుకుంటుంది. అంటే దీని పోర్టు నీలమైనా దీని తప్పేం లేదు. పాపం, పక్కింటాయన మంచివాడు కాదు." ఈ మాటకి వాళ్లమ్మగారు కిటికీలోంచి ఎదురు ఫ్లాటు వైపు చూశారు.

ఇక అసలు సలహా. ఆయన సలహాలన్నిటికీ ఉన్న శాపం దీనికీ ఉంది: చవక. కీబోర్డు, మౌసు, ప్రింటరు వరకే అయితే పాత 2.0 హబ్బు చాలన్నారు. 480 మెగాబిట్ల వేగం మౌసుకి ఎక్కువే, దాని రొద ఈ 2.4 మేర జోలికి రాదు. డిస్కుని లాప్‌టాప్ రెండో వైపు నేరుగా గుచ్చుకోమన్నారు. 3.0 హబ్బే కావాలంటే రిసీవర్ని ఒక 2.0 ఎక్స్‌టెన్షన్ వైరు చివర పెట్టి, మౌసు దగ్గరికి లాక్కోమన్నారు. వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చుకుంటే నెట్ వాడిని తిట్టే పని కూడా తగ్గుతుందన్నారు. అమ్మాయి అన్నిటికీ తలూపింది. కానీ లక్ష రూపాయల లాప్‌టాప్‌కి 2.0 అనే పాత సరుకు తగిలించడం ఆమెకి నచ్చలేదు. మనవాళ్లకి అంకె పెరిగిందంటే వస్తువు పెరిగినట్టే.

అయినా మర్నాడు ఆమె తరఫున ఆయనే సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లు అమ్మే సీటీసీకి బయల్దేరారు. సంచిలో పాత లాప్‌టాప్, అల్లుడు వదిలేసి వెళ్లిన వైర్‌లెస్ మౌసు, ఒక 3.0 పెన్‌డ్రైవు. పరీక్షించకుండా కొనే వంశం కాదది. (సొంతానికి ఏ మౌసు వాడతారని అడక్కండి. తోక ఉన్నదే.)

"ఏం గావాలె సార్?" అన్నాడు కౌంటరు కుర్రాడు.

"హబ్బు. షీల్డింగ్ బాగుండాలి."

కుర్రాడు ఏడు పోర్టులున్న, రంగురంగుల లైట్లు వెలిగేది తీశాడు. ఈయన లైట్లు చూడలేదు. ప్లగ్గుని పోర్టులో గుచ్చి, లోహపు తొడుగు బిగుతుగా కూర్చుందా, వదులుగా ఊగుతోందా అని కళ్లజోడు పైకెత్తి చూశారు. పైన అల్యూమినియం డొప్ప ఎంత మెరిసినా, ఆ మూతి దగ్గరే రొద కారుతుందని ఆయన నమ్మకం. నమ్మకమేమిటి, నిజమే. తర్వాత పెన్‌డ్రైవునీ రిసీవర్నీ ఆనించి గుచ్చి, ఒక సినిమా కాపీకి పెట్టి, గాజు కౌంటరు మీద మౌసు తిప్పడం మొదలెట్టారు. వెనక జనం పోగయ్యారు. మూడో హబ్బు తెమ్మనేసరికి కుర్రాడు ఓపిగ్గా అన్నాడు:

"గట్ల పక్కపక్కకే వెడితే ఏ హబ్బయినా గంతే సార్. గీ చిన్న వైరు తీస్కపోయి, జెర దూరం వెట్టుండ్రి. అయిపాయె."

ఇంజనీరు గారు మౌసు వదిలేశారు. తన సిద్ధాంతం ఇంకొకరి నోట, అదీ కాయితం లేకుండా, ఒక్క ముక్కలో వినడం ఆయనకి బహుశా అదే మొదలు. కాసేపు ఆ కుర్రాడి మొహంలోకి చూసి, ఏం చదువుకున్నావని అడిగారు. ఒక నల్ల వైరు కొన్నారు. హబ్బు కొనలేదు.

ఆయన ఇంటికి చేరేసరికి అమ్మాయి ఆన్‌లైన్లో హబ్బు ఆర్డరు పెట్టేసింది. బూడిద రంగు అల్యూమినియం, లాప్‌టాప్ పక్కన తోడబుట్టినట్టుంది, 3.0. అది వచ్చింది. మౌసు మళ్లీ తడబడింది. రాత్రి ఇంజనీరు గారు వెళ్లి, నల్ల వైరు తగిలించి, దాని చివర రిసీవర్ని టేబులు అంచుకి టేపుతో అంటించారు. బాణం నున్నగా జారింది.

తెల్లారి గ్రూపులో అమ్మాయి హబ్బు ఫోటో పెట్టింది. "సూపర్ హబ్! మౌస్ ప్రాబ్లం పోయింది," కింద కొనుక్కోవడానికి లింకు. ఫోటో అందంగా ఉంది. నల్ల వైరు ఫ్రేములోకి రాలేదు. సాయంత్రానికి అయిదారు ఫ్లాట్లవాళ్లు అదే హబ్బు ఆర్డరు పెట్టేశారు.

ఇంజనీరు గారు ఆ మెసేజి కింద బొటనవేలి గుర్తు కూడా పెట్టలేదు. మళ్లీ సీటీసీకి వెళ్లి నల్ల వైర్లు డజను తెచ్చి పెట్టుకున్నారు. డజను కదా అని కుర్రాడు రేటు తగ్గించాడట.