అరవమని చెప్పాం కదా!

శుభవార్త. ఇటుక బట్టీ పిల్లలకు లైంగిక వేధింపుల నుంచి రక్షణ దొరికేసింది. ముప్పావు గంట అవగాహన శిబిరంలో! ఫ్లెక్సీ కట్టారు, ముఖ్య అతిథికి శాలువా కప్పారు, పిల్లలకు తలా ఒక బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చి ఫొటో దిగారు. గుడ్ టచ్, బ్యాడ్ టచ్ గురించి మేడం చక్కటి తెలుగులో చెప్పింది. విన్నవాళ్లు ఒడియా పిల్లలు. అయితేనేం, చప్పట్లు బాగానే కొట్టారు.

ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల్లో నువాఖాయీ పండగ వేళకి కూలీలను కుదిర్చే సర్దార్ చేతిలో అడ్వాన్స్ పెడతాడు. ఆ బాకీ తీర్చడానికి కుటుంబాలకు కుటుంబాలే పెద్దపల్లి, సంగారెడ్డి వైపు బట్టీల్లో దిగి, వానలు పడేదాకా ఉంటాయి. పచ్చి ఇటుకలు పేర్చి కట్టుకున్న గుడిసెకు తలుపుండదు, గోనెపట్టా ఉంటుంది. కాలకృత్యాలకు పొదల చాటు. తెల్లవారకముందే అమ్మానాన్న మట్టి దగ్గరికి పోతే, గుడిసెలో ఎనిమిదేళ్ల అక్క, చంటి తమ్ముడు మిగులుతారు.

ఆ అక్కకు మనవాళ్లు మంత్రం ఉపదేశించారు: గట్టిగా అరువు బిడ్డా, పరుగెత్తు, నమ్మకమైన పెద్దవాళ్లకు చెప్పు.

ఎటు పరుగెత్తాలి? గేటు దగ్గర గుమాస్తా ఉంటాడు. ఎవరికి చెప్పాలి? సర్దార్‌కా, అప్పు పద్దు రాసుకున్న యజమానికా? నాన్నకు చెప్పొచ్చు. బాకీ తీరనిదే గేటు దాటలేని నాన్న ఎవరికి చెప్పుకోవాలో పాఠంలో లేదు. ఇక పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉండనే ఉంది. నాన్న జేబులోని ఫోన్ దొరికి, అందులో ఛార్జింగ్ ఉండి, అవతల ఎవరో ఎత్తి ‘ఎక్కడి నుంచమ్మా?’ అంటే ఆ పిల్ల ఏం చెప్పాలి? తాను ఏ ఊళ్లో ఉందో ఆమెకెవరూ చెప్పలేదు.

పిల్లలపై లైంగిక నేరాల చట్టమైన పోక్సో కింద అత్యాచార కేసులు వందుంటే 90కి పైగా నిందితులు పిల్లలకు తెలిసినవాళ్లేనని జాతీయ నేర గణాంకాలు ఏటా చెబుతున్నాయి. మన ఫ్లెక్సీ మీద మాత్రం దొంగచూపుల అపరిచితుడి బొమ్మే. బట్టీలో అపరిచితుడెవడు? తనిఖీకి రావలసిన అధికారి ఒక్కడే.

2012 నాటి పోక్సో చట్టం రాసినవాళ్లకు ఈ గొడవ ముందే తెలిసినట్టుంది. నేరం సంగతి తెలిసిన ప్రతి మనిషీ పోలీసులకు చెప్పి తీరాలని సెక్షన్ 19 అంటుంది. పిల్లకు రాని భాషలో ఫిర్యాదు రాసుకుంటే అవసరాన్ని బట్టి దుబాసీని పెట్టాలని కూడా అంటుంది. అఘాయిత్యం జరిగాక దుబాసీ వస్తాడు, జరగకుండా చెప్పే పాఠానికి రాడు! తెలిసీ చెప్పనివాళ్లకు సెక్షన్ 21 కింద ఆరు నెలల దాకా జైలు. కింది మనిషి చేసిన నేరాన్ని దాచిన సంస్థ పెద్దకు ఏడాది దాకా. చట్టం పెద్దల మెడకు కట్టిన బరువును మనం బిస్కెట్ ప్యాకెట్‌తో పాటు పిల్ల చేతిలో పెట్టి వచ్చాం. రేపు ఏదైనా జరిగితే అనడానికి మాట సిద్ధంగానే ఉంది: అరవమని చెప్పాం కదా!

మళ్లీ సీజన్‌కు శిబిరం పెట్టబోయే పెద్దలకు ఒక మనవి. ముందు వరసలో యజమానిని, సర్దార్‌ని, గుమాస్తాని, బడి హెడ్మాస్టర్‌ని కూర్చోబెట్టండి. సెక్షన్ 21 మొత్తం చదివించండి. చెప్పనందుకు శిక్ష పిల్లలకు వర్తించదని అందులో విడిగా రాసి ఉంది. మిగతా అందరికీ వర్తిస్తుంది.